కొత్త లేబర్ కోడ్‌ల తర్వాత పీఎఫ్, గ్రాట్యుటీ, గ్రూప్ హెల్త్: చిన్న కంపెనీల్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

పేరోల్_పద్మ
అందరికీ నమస్కారం. మాది నూట నలభై మంది ఉన్న సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీ. జీతాలు, పీఎఫ్, బీమా, రాజీనామాలు అన్నీ ఇద్దరం చూసుకుంటాం. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చినవి) అమల్లోకి వచ్చినప్పటి నుంచి మా ఎండీ గారిది ఒకటే పాట: "మూల జీతం (బేసిక్) మొత్తంలో యాభై శాతం చేసేయండమ్మా, గొడవ వదిలిపోతుంది." ఉద్యోగులేమో చేతికొచ్చే జీతం తగ్గిపోతుందని టెన్షన్ పడుతూ రోజుకొకరు నా సీటు దగ్గరికి వస్తున్నారు. దీనికి తోడు గ్రూప్ హెల్త్ రెన్యువల్ దగ్గరపడింది. బ్రోకర్ పంపిన కొటేషన్ చూసి తల్లిదండ్రుల కవర్ ఎత్తేద్దామా అని పైవాళ్లు ఆలోచిస్తున్నారు.

బేసిక్ యాభై చేస్తే నిజంగా సరిపోతుందా? గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) పాత సర్వీసుకు కూడా కొత్త లెక్కలోనేనా? తల్లిదండ్రుల కవర్ ఎవరైనా తీసేశారా, తీసేస్తే ఏమైంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

జమాఖర్చుల_భార్గవి
పద్మ గారూ, "బేసిక్ యాభై శాతం" అని చట్టంలో ఎక్కడా లేదు. కోడ్‌లో ఉన్నది "వేతనం" నిర్వచనం. మీరు ఇచ్చేదంతా ముందు వేతనమే. అందులోంచి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్సు), కన్వేయన్స్ (ప్రయాణ అలవెన్సు), ఓవర్‌టైమ్, కమిషన్, యజమాని పీఎఫ్ వాటా లాంటి కొన్నిటిని మాత్రమే తీసేయొచ్చని జాబితా ఇచ్చారు. అలా తీసేసినవి మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటినంత మళ్లీ వేతనంలో కలపాలి. సగం అనే మాట వచ్చేది ఇక్కడే.

చాలామంది చూడని చోటు ఒకటుంది. ఆ జాబితాలో మన పేస్లిప్పుల్లో కనిపించే "స్పెషల్ అలవెన్స్" లేదు. లెక్క చూడండి. నెలకు 60,000. బేసిక్ 24,000, హెచ్‌ఆర్‌ఏ 12,000, స్పెషల్ అలవెన్స్ 24,000. మీ ఎండీ గారి లెక్కన వేతనం 30,000. నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు చదివితే హెచ్‌ఆర్‌ఏ ఒక్కటే బయటికి పోతుంది, వేతనం 48,000.

పదేళ్లు చేసినవాళ్లకు గ్రాట్యుటీ, అంటే ఏడాదికి పదిహేను రోజుల వేతనం, నెలకు 26 రోజులుగా (15/26) లెక్కన: పాత బేసిక్ మీద 1,38,462. ముప్పై వేల మీద 1,73,077. నలభై ఎనిమిది వేల మీద 2,76,923. మొదటి దానికి మూడో దానికి సరిగ్గా రెట్టింపు తేడా. అలాంటివాళ్లు మీ దగ్గర ఎంతమంది ఉన్నారో లెక్కేసి ఎండీ గారికి చూపించండి, పాట మారుతుంది.

పాత సర్వీసు సంగతి: గ్రాట్యుటీ ఎప్పుడూ ఆఖరి వేతనం మీదే, మొత్తం సర్వీసుకి. కాబట్టి నవంబర్ 21 తర్వాత మానేసినవాళ్ల పాత ఏళ్లన్నీ కొత్త వేతనంతోనే గుణించాలి. డిసెంబర్ 2025 త్రైమాసికంలో పెద్ద ఐటీ కంపెనీలు ఒక్కసారిగా ఖర్చు రాసుకున్నది ఇందుకే. టీసీఎస్ ఒక్కటే రెండు వేల కోట్లకు పైగా చూపించింది. మీరు యాక్చువరీ (ఇలాంటి భవిష్యత్తు బాకీలు అంచనా వేసే నిపుణుడు) చేత వాల్యుయేషన్ ఇంకా చేయించకపోతే ఆడిటర్ అడిగేదాకా ఆగకండి.

నేనూ_ఉద్యోగినే
మేడమ్, ఈ లెక్కలన్నీ కంపెనీ వైపు నుంచి. మాకు చేతికి ఎంత తగ్గుతుందో అది చెప్పండి. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నెలకు నాలుగైదు వేలు కోత అని తిరుగుతోంది.

పాత_ఫైళ్ల_మూర్తి
వాట్సాప్ లెక్కలు పక్కన పెట్టండి బాబూ. మీ పేస్లిప్పులో పీఎఫ్ 1,800 కోస్తున్నారా, అంతకంటే ఎక్కువా? అది చూడండి ముందు.

1,800 అంటే 15,000 మీద పన్నెండు శాతం. 2014 సెప్టెంబర్ నుంచి పీఎఫ్ సీలింగ్, అంటే తప్పనిసరిగా కట్టాల్సిన వేతన పరిమితి, అదే. మీ వేతనం 30,000 అయినా 48,000 అయినా కంపెనీ సీలింగ్ మీదే కడుతుంటే పీఎఫ్ వల్ల మీకు రూపాయి తగ్గదు. ఈ మాట కార్మిక శాఖే డిసెంబర్‌లో వివరణ ఇచ్చి చెప్పింది.

తగ్గేది పూర్తి బేసిక్ మీద కట్టే కంపెనీల్లో. 24,000 మీద 2,880 పోయేది, 30,000 మీద 3,600 అవుతుంది. 720 తేడా. కానీ సీటీసీ (కంపెనీకి మీ మీద అయ్యే మొత్తం ఖర్చు) పద్ధతిలో యజమాని వాటా కూడా మీ ప్యాకేజీలోంచే తీస్తారు కదా, కాబట్టి 1,440 తగ్గుతుంది. అది మీ ఖాతాలోనే పడుతుంది, ఎటూ పోదు. అయితే నెలాఖరుకి ఈఎంఐ కట్టేవాడికి ఆ మాట చెప్తే కోపం వస్తుంది, అది వేరే విషయం.

గ్రాట్యుటీ సంగతి మాత్రం ఆఫర్ లెటర్ తీసి చూసుకోండి. కొన్ని కంపెనీలు గ్రాట్యుటీని కూడా సీటీసీలో ఒక లైనుగా చూపిస్తాయి. అక్కడ అంకె పెంచి మిగతా చోట తగ్గించే అవకాశం ఉంది. అసలు ఖర్చు ఎవరి జేబులోంచి వస్తోందో అక్కడ తేలుతుంది.

నేనూ_ఉద్యోగినే
1,800 అనే ఉంది. థాంక్స్ సార్. గ్రూపులో పెడతాను. నమ్ముతారో లేదో.

గూడ్స్_ఆటో
ఇంత గొడవ ఎందుకండీ. ఒక కన్సల్టెంటుకి నెలకింత అని పడేస్తే పీఎఫ్, ఈఎస్ఐ (తక్కువ జీతాలవాళ్ల ప్రభుత్వ వైద్య బీమా) అంతా వాళ్లే చూసుకుంటారు. మాది ట్రాన్స్‌పోర్ట్ వ్యాపారం, అరవై మంది. ఎనిమిదేళ్లుగా ఒక్క నోటీసు రాలేదు.

పాత_ఫైళ్ల_మూర్తి
నోటీసు రాలేదంటే అంతా సరిగ్గా ఉందని కాదు సార్, ఎవరూ ఇంకా చూడలేదని. నేను రిటైర్ అయ్యేదాకా చేసింది ఆ కన్సల్టెంట్ పనే, అందుకే చెప్తున్నా. కన్సల్టెంట్ చేసేది మీరిచ్చిన షీటుని ఈసీఆర్‌గా (నెలవారీ పీఎఫ్ రిటర్న్) అప్‌లోడ్ చేయడం. షీటులో తప్పుంటే తప్పే పదిలంగా అప్‌లోడ్ అవుతుంది.

మీ డ్రైవర్ల జీతం ఎలా విడగొట్టారో చెప్పగలరా? బేసిక్ 9,000, "ఇతర అలవెన్సులు" 5,000 అని పెట్టి తొమ్మిది వేల మీద పీఎఫ్ కడుతున్నట్టయితే, 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు నేరుగా తగులుతుంది. అందరికీ మామూలుగా ప్రతి నెలా ఇచ్చే అలవెన్సు ఏదైనా పీఎఫ్ లెక్కలోకి రావాల్సిందే అన్నారు. 15,000 లోపు జీతాలున్న చోట అసలు చిక్కు ఇదే. వెనక్కి వెళ్లి లెక్క తీస్తే బకాయి మీద ఏడాదికి పన్నెండు శాతం వడ్డీ, పైన డ్యామేజెస్ (జరిమానా). ఉద్యోగి జీతంలో కోసి కట్టకుండా ఉంచుకుంటే అది క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది.

గూడ్స్_ఆటో
బేసిక్ పది, అలవెన్స్ ఆరు అండీ. కన్సల్టెంటుతో మాట్లాడతాను.

పేరోల్_పద్మ
భార్గవి గారూ, ఆ 2,76,923 చూసి మా ఎండీ గారు పది నిమిషాలు మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగింది: స్పెషల్ అలవెన్స్ తీసేసి హెచ్‌ఆర్‌ఏ పెంచితే? బేసిక్ 30,000, హెచ్‌ఆర్‌ఏ 30,000 అంటే చట్టం ఒప్పుకుంటుందా?

జమాఖర్చుల_భార్గవి
కాగితం మీద సగం సగం సరిపోతుంది. చాలా కంపెనీలు అటే వెళ్తున్నాయి. కానీ రెండు విషయాలు ఆలోచించమనండి. బేసిక్‌తో సమానంగా హెచ్‌ఆర్‌ఏ అంటే అది గ్రాట్యుటీ తప్పించడానికే చేశారని ఎవరికైనా కనిపిస్తుంది, రేపు వివాదం వస్తే అది ఇళ్ల అద్దె కోసమేనని మీరు చెప్పుకోవాలి. ఇక కొత్త పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు, కాబట్టి దాన్ని పెంచినందుకు ఉద్యోగికి ఒరిగేదేం లేదు. నష్టం వాళ్లది, పేరు మాత్రం "రీస్ట్రక్చరింగ్".

అంతకంటే నన్నడిగితే గ్రాట్యుటీకి డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టండి. పుస్తకాల్లో ప్రొవిజన్ రాసినంత మాత్రాన పన్ను మినహాయింపు రాదు. ఆమోదం పొందిన గ్రాట్యుటీ ఫండ్‌కి కడితే వస్తుంది. ఎల్‌ఐసీతో పాటు మిగతా జీవిత బీమా కంపెనీల్లోనూ గ్రూప్ గ్రాట్యుటీ స్కీములున్నాయి. ఒకే ఏడాది ముగ్గురు సీనియర్లు మానేస్తే జీతాల ఖాతాలోంచి తీసి ఇచ్చే పరిస్థితి రాకూడదు.

ఇంకొకటి. మీ దగ్గర ఏడాది, రెండేళ్ల ఫిక్స్‌డ్ టర్మ్ ఒప్పందాల మీద మనుషులున్నారా? వాళ్లకు అయిదేళ్లు అక్కర్లేదు, ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది. మామూలు ఉద్యోగులకు అయిదేళ్ల నిబంధన అలాగే ఉంది. ఈ రెండూ కలిపేసి "ఇక అందరికీ ఏడాదికే గ్రాట్యుటీ" అని వీడియోలు చేసేవాళ్లకు దండం పెట్టాలి.

రిలీవింగ్_లెటర్
మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ నలిగిపోతున్నది ఫుల్ అండ్ ఫైనల్, అంటే మానేసినవాళ్ల లెక్క తేల్చడం. వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ వేతనం ఇచ్చేయాలి. మాకు ముందు నలభై అయిదు రోజుల పద్ధతి ఉండేది. ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చాడా, నోటీస్ పీరియడ్ రికవరీ ఎంత, సెలవులు ఎన్ని మిగిలాయి, ఇవన్నీ నాలుగు డిపార్ట్‌మెంట్లు తిరిగి వచ్చేసరికి నెల పట్టేది. ఇప్పుడు ఆఖరి రోజుకు వారం ముందే క్లియరెన్స్ మొదలుపెడుతున్నాం. గ్రాట్యుటీకి వేరుగా ముప్పై రోజుల గడువు ఉంది కాబట్టి ఊపిరి ఆడుతోంది.

పాత_ఫైళ్ల_మూర్తి
అందరూ శాతాల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఒక ఫైలు సంగతి చెప్తాను. నేను చూసిన ఒక ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ల మెషిన్ ఆపరేటర్ గుండెపోటుతో పోయాడు. భార్య, మూడేళ్ల పాప. పీఎఫ్ క్రమం తప్పకుండా కట్టారు, ఒక్క నెల కూడా వదల్లేదు. ఈడీఎల్‌ఐ (పీఎఫ్‌తో పాటు వచ్చే జీవిత బీమా) కింద ఏడు లక్షల వరకు వచ్చే కేసు. పీఎఫ్, బీమా, పెన్షన్ కోసం ఫారం 20, 5ఐఎఫ్, 10డీ మూడూ నింపించి కూర్చుంటే నామినేషన్‌లో తమ్ముడి పేరుంది. ఉద్యోగంలో చేరినప్పుడు ఇతనికి పెళ్లి కాలేదు, అప్పుడు రాసిచ్చింది అలాగే ఉండిపోయింది.

పెళ్లయ్యాక ఆ పాత నామినేషన్ చెల్లదు, కుటుంబానికే రావాలి, రూలు స్పష్టంగా ఉంది. కానీ తమ్ముడు తనకే రావాలని అర్జీ పెట్టాడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరమే ఉంది. భార్య ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే. పాప జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు మూడో రకంగా ఉంది. డబ్బు చివరికి వచ్చింది, కానీ ఆ అమ్మాయి పాపను చంకనేసుకుని ఆఫీసు మెట్లు ఎక్కిన తీరు చూసినవాళ్లెవరూ మర్చిపోరు. ఆ కంపెనీలో చట్టం తప్పిన మనిషి ఒక్కడూ లేడు.

పద్మ గారూ, మీ నూట నలభై మందిలో ఈ-నామినేషన్ చేసినవాళ్లు ఎంతమంది? ఎంప్లాయర్ లాగిన్‌లో కనిపిస్తుంది. పెళ్లయిన ప్రతివాళ్ల చేతా మళ్లీ చేయించండి.

పేరోల్_పద్మ
ఇప్పుడే చూశాను మూర్తి గారూ. యాభై మూడు మందివే ఉన్నాయి.

వేరియబుల్_పే
ఇంటిపేరు గొడవ మన తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చినది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇనీషియల్, పాన్‌లో చివర, ఆధార్‌లో ముందు. నాకైతే పేరు మార్పుకే మూడుసార్లు రిజెక్ట్ చేశారు.

పాత_ఫైళ్ల_మూర్తి
ఇప్పుడు కొంత నయం. 2017 అక్టోబర్ 1 తర్వాత ఇచ్చిన, ఆధార్‌తో ధ్రువీకరించిన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) అయితే పేరు, పుట్టినతేదీ లాంటివి ఉద్యోగే సరిచేసుకోవచ్చు, కంపెనీ ఆమోదం అక్కర్లేదు. 2025 జనవరిలో తెచ్చారు. అంతకు ముందువాటికి జాయింట్ డిక్లరేషన్, అంటే కంపెనీ ద్వారా పెట్టే దరఖాస్తు, తప్పదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో తరచూ పడే చిక్కు ఇంకొకటి. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, అప్పటికే జీతం 15,000 దాటినవాళ్లు పెన్షన్ స్కీముకి అర్హులు కారు. అయినా సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్‌గా ఉందని యజమాని వాటాలోంచి నెలకు 1,250 పెన్షన్‌కి పంపేస్తుంటారు. ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. ఉద్యోగి కంపెనీ మారి ట్రాన్స్‌ఫర్ పెట్టినప్పుడో, ఇల్లు కొనడానికి పీఎఫ్ తీసుకుందామనుకున్నప్పుడో ఆగిపోతుంది. మీ జాయినింగ్ షీటులో మొదటి ఉద్యోగమా, పాత యూఏఎన్‌లో పెన్షన్ సభ్యత్వం ఉందా అనే రెండు కాలమ్స్ పెట్టుకోండి.

టీపీఏ_మాజీ
గ్రూప్ హెల్త్ గురించి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తాను. ఆరేళ్లు క్లెయిమ్స్ డెస్క్‌లో పనిచేశాను.

రెన్యువల్‌లో బీమా కంపెనీ చూసేది ప్రధానంగా ఒక్కటే: మీరు కట్టిన ప్రీమియానికి వాళ్లు ఇచ్చిన క్లెయిములు ఎంత. తల్లిదండ్రులున్న పాలసీలో ఎక్కువ భాగం వాళ్ల నుంచే వస్తుంది, అది నిజం. కానీ కవర్ మొత్తం ఎత్తేయడం ఆఖరి మార్గం కావాలి. అరవై అయిదు దాటి షుగర్, బీపీ ఉన్నవాళ్లకు బయట సొంత పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు. గ్రూపులో చాలావరకు మొదటి రోజు నుంచే ఉంటుంది. మీ ఉద్యోగి ఆ కవర్ కోసమే ఆఫర్ వదులుకుని ఉండొచ్చు, మీకు చెప్పడు.

బ్రోకర్ ముందు చూపించే చిట్కా రూమ్ రెంట్ లిమిట్. ప్రీమియం ఠక్కున తగ్గుతుంది. అదే అందరికంటే ఎక్కువ ఏడిపిస్తుంది. లిమిట్ రోజుకు 5,000 ఉందనుకోండి, పేషెంట్ 10,000 రూములో చేరాడు. కోసేది రూము తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో సగం చేస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది, కాబట్టి సెటిల్‌మెంట్ లెటర్ లైను లైనుగా చూడండి. నన్నడిగితే రూమ్ లిమిట్ కంటే తల్లిదండ్రులకు మాత్రమే ఇరవై శాతం కో-పే (బిల్లులో అంత వాటా మనమే కట్టుకోవడం) పెట్టడం మేలు. ఎంత కట్టాలో ముందే తెలుస్తుంది. లేదా వాళ్ల ప్రీమియంలో సగం ఉద్యోగి జీతంలోంచి కోసుకోవడం. కొందరు వద్దనుకుంటారు, అప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లే బయటికి పోయి అవసరమున్నవాళ్లే మిగులుతారు, మరుసటి ఏడాది రేటు ఇంకా పెరుగుతుంది. అందుకని ఇష్టం ఉంటే చేరండి అనే పద్ధతి కంటే అందరికీ ఒకే పద్ధతి పెట్టండి.

జీఎస్టీ మీద ఆశ పెట్టుకోకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను తీసేసింది వ్యక్తిగత పాలసీలకే. గ్రూపుకి పద్దెనిమిది శాతం అలాగే ఉంది.

[మోడరేటర్: ఈ పోస్టులో ఒక బీమా కంపెనీ పేరు తీసేశాను. అనుభవాలు రాయండి, పేర్లు వద్దు.]

రిలీవింగ్_లెటర్
మాకు సీడీ బ్యాలెన్స్ దగ్గర దెబ్బ తగిలింది. దాని గురించి కూడా రాయండి.

టీపీఏ_మాజీ
అదే రాయబోతున్నా. సీడీ అంటే బీమా కంపెనీ దగ్గర మీరు ముందుగా వేసి ఉంచే డబ్బు. కొత్తగా చేరినవాళ్ల ప్రీమియం అందులోంచి కోస్తారు. అది ఖాళీ అయితే ఎండార్స్‌మెంట్ (పాలసీలో పేరు చేర్చడం) ఆగిపోతుంది, కొత్తవాళ్లకు కవర్ ఉండదు. హెచ్‌ఆర్ మెయిల్ పంపింది, బ్రోకర్ "నోటెడ్" అన్నాడు, ఉద్యోగి ఆఫర్ లెటర్‌లో అయిదు లక్షల కవర్ అని ఉంది. యాక్సిడెంట్ అయి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేదాకా ఎవరికీ తెలియదు. నా డెస్క్ మీద ఇలాంటివి నెలకు ఒకటైనా ఉండేవి. మెయిల్ పంపితే పని అయినట్టు కాదు. ఎండార్స్‌మెంట్ కాపీ చేతికొచ్చి, అందులో పేరు చూసుకున్నాకే అయినట్టు.

లేబర్_లా_ప్రియ
ఈఎస్ఐ మాట ఒకటి కలుపుతాను. 21,000 సీలింగ్ దగ్గర్లో ఉన్నవాళ్లకు ఇంక్రిమెంట్ ఇచ్చేటప్పుడు జాగ్రత్త. దాటిన వెంటనే కాకుండా ఆ కంట్రిబ్యూషన్ పీరియడ్ అయ్యేదాకా, అంటే సెప్టెంబర్ లేదా మార్చి ఆఖరు దాకా చందా కొనసాగుతుంది. ఆ తర్వాత బయటికి వచ్చేస్తారు. వెయ్యి రూపాయల ఇంక్రిమెంట్‌తో కుటుంబం మొత్తానికి ఉన్న వైద్యం పోతే అతనికి లాభం ఎక్కడ? ఆ నెలకల్లా గ్రూప్ పాలసీలో పేరు ఎక్కించేలా చూసుకోవాలి.

భార్గవి గారి లెక్కలో ఒక మాట: స్పెషల్ అలవెన్స్ పూర్తిగా వేతనమే అన్నారు. అది దేనికిస్తున్నారో చూడాలి. ఉద్యోగ స్వభావం వల్ల అయ్యే ప్రత్యేక ఖర్చులకు ఇచ్చేది మినహాయింపు జాబితాలో ఉంది. సైట్ ఇంజనీర్‌కి బిల్లులతో ఇచ్చేదాన్ని వేతనంలో కలపక్కర్లేదు.

జమాఖర్చుల_భార్గవి
ఒప్పుకుంటాను, బిల్లులుంటే. పద్మ గారి దగ్గర అది ప్యాకేజీ మొత్తం సరిపెట్టడానికి పెట్టిన మిగులు అంకె. పేరు "స్పెషల్" అయినంత మాత్రాన ఖర్చు అయిపోదు.

లేబర్_లా_ప్రియ
అందులో మాత్రం మీతో వాదన లేదు.

వేరియబుల్_పే
ఎవరైనా ఉద్యోగం మానేస్తే గ్రూప్ హెల్త్ ఆ రోజే పోతుందా? మా నాన్నకి డయాలిసిస్ నడుస్తోంది, అందుకే అడుగుతున్నా.

టీపీఏ_మాజీ
మామూలుగా ఆఖరి పనిదినంతో పోతుంది. కొన్ని పాలసీల్లో నెలాఖరు దాకా ఉంటుంది, మీ హెచ్‌ఆర్‌ని పాలసీ కాపీ అడగండి. మానేసే ముందే అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారడానికి దరఖాస్తు పెట్టుకోండి. గ్రూపులో గడిచిన కాలాన్ని వెయిటింగ్‌లో కలుపుతారు, కానీ అండర్‌రైటింగ్ (పాలసీ ఇవ్వాలా వద్దా, ఎంతకి అనే నిర్ణయం) వాళ్ల చేతిలో ఉంటుంది, ఎక్కువ ప్రీమియం అడగొచ్చు, డయాలిసిస్ కేసులో కాదనొచ్చు కూడా. కొత్త కంపెనీ పాలసీలో తల్లిదండ్రులున్నారా, మొదటి రోజు నుంచి పాత జబ్బులకు వర్తిస్తుందా అనేది ఆఫర్ ఒప్పుకునే ముందు రాతపూర్వకంగా తీసుకోండి. మధ్యలో ఖాళీ లేకుండా చేరండి.

పేరోల్_పద్మ
అందరికీ చాలా థాంక్స్. ఇవాళ మీటింగ్ అయింది. తల్లిదండ్రుల కవర్ ఉంచుతున్నాం, వాళ్లకు ఇరవై శాతం కో-పే, రూమ్ లిమిట్ లేదు. జీతం విడగొట్టే సంగతి యాక్చువరీ రిపోర్టు వచ్చేదాకా ఆపారు, హెచ్‌ఆర్‌ఏ పెంచే ఆలోచన మాత్రం ఎండీ గారు ఇంకా వదల్లేదు. నామినేషన్లు ఇవాళ్టి నుంచే మొదలుపెట్టాం, మధ్యాహ్నానికి అరవై దాటాయి. సీడీ స్టేట్‌మెంట్ బ్రోకర్‌ని అడిగాను, "రేపు పంపిస్తా మేడమ్" అన్నాడు.

టీపీఏ_మాజీ
రేపటిదాకా ఎందుకు, బీమా కంపెనీకే నేరుగా మెయిల్ పెట్టండి, బ్రోకర్‌ని కాపీలో ఉంచండి. ఈ నెల చేరినవాళ్లు ఎంతమంది?

పేరోల్_పద్మ
తొమ్మిది మంది. అందులో ఒకావిడ ఏడో నెల గర్భిణి. ఇప్పుడే పెడుతున్నా.